కమాండ్ లైన్ నుంచి డ్రైవ్ ఫైళ్లకు అనుమతులు ఇవ్వడం: 63 ఊర్ల షీట్లు, ఒక్కొక్కటి ఒక్కొక్కరికి

మర్రిగూడ_నీళ్లు · ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, చండూరు మండలాల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందో నమోదు చేసే ఒక చిన్న స్వచ్ఛంద బృందంలో నేను లెక్కలు చూసుకుంటాను. ఊరికొక గూగుల్ షీట్ చొప్పున మొత్తం 63 ఉన్నాయి. ప్రతి షీట్‌లో మొదటి పేజీలో ఏ బోరులో లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ తేలింది, తాగునీటి పరిమితి అయిన 1.5 దాటిందా లేదా అన్నది ఉంటుంది. రెండో పేజీలో ఏ ఇంట్లో ఏ పిల్లవాడికి పళ్లు గారపట్టాయి, ఏ పెద్దమనిషికి వెన్ను వంగింది అన్నది పేర్లతో సహా ఉంటుంది. ఊరి షీట్‌ను ఆ ఊరి కార్యకర్త ఒక్కరే మార్చగలగాలి, ఆ మండలం బాధ్యత చూసే ఆరోగ్య కార్యకర్త చూడగలగాలి, మిగిలినవాళ్లకు అది కనబడకూడదు.

ఇన్నాళ్లూ బ్రౌజర్‌లో షేర్ బటన్ నొక్కి ఒక్కొక్క చిరునామా కొడుతున్నాను. మొన్న 18వ షీట్ దగ్గర పేరులో మొదటి నాలుగు అక్షరాలు కొట్టగానే కింద వచ్చిన జాబితాలో పైనున్న పేరును ఎంచుకున్నాను. అది అదే పేరున్న వేరే మనిషి, వేరే పని మీద ఎప్పుడో నాకు మెయిల్ పంపిన వ్యక్తి. రెండు రోజుల తర్వాత ఆయనే ఫోన్ చేసి, ఇది నాకెందుకు వచ్చిందని అడిగితేనే తెలిసింది. ఒక ఊరిలోని 11 మంది పిల్లల పేర్లు రెండు రోజులపాటు సంబంధం లేని మనిషి దగ్గర ఉన్నాయి. ఆయన మంచివారు కాబట్టి సరిపోయింది.

కాబట్టి చేత్తో ఎంచుకునే పని మానేసి, ఒక జాబితా రాసుకుని, దాన్ని రెండుసార్లు చదివి, కమాండ్ లైన్ (ఆదేశాలు టైపు చేసి పని చేయించే తెర) నుంచి ఒకేసారి అనుమతులు ఇవ్వాలనుకుంటున్నాను. ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ వాడతాను, పైథాన్ ప్రోగ్రామింగ్ భాష కొద్దిగా వచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

---

పాలమూరు_టెర్మినల్ · ఆదివారం, రాత్రి 10:25

మీ నిర్ణయం సరైనది. ముందుగా అనుమతి అంటే గూగుల్ డ్రైవ్ దృష్టిలో ఏమిటో చెబుతాను, ఆ తర్వాత ఏ పరికరం వాడినా అయోమయం ఉండదు.

ఫైల్ గుర్తింపు, రకం, పాత్ర, ఈమెయిల్ అనే నాలుగు ముక్కలు కలిస్తే ఒక అనుమతి అవుతుంది. షీట్ లింకులో డి అనే అక్షరానికీ ఎడిట్ అనే మాటకీ మధ్య రెండు గీతల నడుమ ఉండే పొడవాటి అక్షరాల వరుసే ఫైల్ గుర్తింపు. ఎవరికి ఇస్తున్నామో రకం చెబుతుంది: యూజర్ అంటే ఒక మనిషి, గ్రూప్ అంటే గూగుల్ గ్రూప్, డొమైన్ అంటే ఒక సంస్థ మొత్తం, ఎనీవన్ అంటే ఎవరైనా. పాత్రల్లో మీకు పనికొచ్చేవి మూడు: రీడర్ చూడగలరు, కామెంటర్ వ్యాఖ్య రాయగలరు, రైటర్ మార్చగలరు.

టెర్మినల్ (కమాండ్ లైన్ తెర) నుంచి జీడ్రైవ్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఈ పని చేయవచ్చు. ఉచ్చారణ ప్రకారం రాస్తే ఆదేశం ఇలా ఉంటుంది: జీడ్రైవ్, పర్మిషన్స్, షేర్, ఆపై ఫైల్ గుర్తింపు, రోల్ రైటర్, టైప్ యూజర్, ఈమెయిల్ ఫలానా. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. టైప్ అనేది రాయడం మరిచిపోతే ఆ ప్రోగ్రామ్ దాన్ని ఎనీవన్‌గా తీసుకుంటుంది, అంటే షీట్ లోకానికంతటికీ తెరుచుకుంటుంది. పిల్లల పేర్లున్న ఫైళ్లకు అలాంటి పరికరం వద్దని నా సలహా. గూగుల్ వారి అధికారిక పైథాన్ లైబ్రరీతో ఇరవై వరుసల స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రామ్) రాసుకోండి. అందులో రకం, పాత్ర రెండూ మీ చేత్తో రాస్తేనే పని జరుగుతుంది, లేకపోతే పొరపాటు చూపి ఆగిపోతుంది.

ఇంకొక మాట. మండల ఆరోగ్య కార్యకర్తకు షీట్ షీట్‌కూ విడిగా అనుమతి అక్కర్లేదు. మూడు మండలాలకు మూడు ఫోల్డర్లు పెట్టి, ఫోల్డర్‌పై రీడర్ ఇస్తే అది లోపలి ఫైళ్లన్నింటికీ దిగుతుంది. ఊరి కార్యకర్తకు మాత్రం నేరుగా షీట్‌పై రైటర్ ఇవ్వండి. షీట్‌కు ఇద్దరేసి చొప్పున 126 అనుమతులు ఇవ్వాల్సిన చోట, 63 షీట్లకూ 3 ఫోల్డర్లకూ కలిపి 66 సరిపోతాయి. తక్కువ ఇస్తే తర్వాత తీసేయాల్సినవీ తక్కువే.

---

మిర్యాలగూడ_లెక్కలు · సోమవారం, ఉదయం 7:50

నేను రైస్ మిల్లులో ఖాతాలు చూస్తాను. మా దగ్గర ప్రతిరోజూ ధాన్యం తూకం జాబితా 40 మందికి వెళ్లాలి. ఎవరి ఈమెయిల్ ఏమిటో ఎవరికీ గుర్తుండదు. అందుకే ఆర్‌క్లోన్ అనే ప్రోగ్రామ్‌లో లింక్ అనే ఆదేశం ఇస్తాను. అది ఒక లింకు చేతిలో పెడుతుంది, దాన్ని వాట్సాప్‌లో వేస్తే పని అయిపోతుంది. 63 ఊర్లకు 63 లింకులు పంపితే చాలదా? ఊరి మనుషులకు జీమెయిల్ పాస్‌వర్డ్ గుర్తుండదు, లింకు అయితే నొక్కగానే తెరుచుకుంటుంది. ఈ సౌకర్యం చిన్నది కాదని నా అనుభవం.

---

దేవరకొండ_పంతులు · సోమవారం, ఉదయం 8:35

మిర్యాలగూడ గారూ, తూకం జాబితాకు మీ పద్ధతి సరే. దీనికి మాత్రం వద్దని గట్టిగా చెబుతున్నాను.

నేను బడి పంతులును. కొన్నేళ్ల కిందట మేము పనిచేసిన ఒక బడిలో పిల్లల ఆరోగ్య పరీక్ష వివరాలను లింకు ఉన్నవారు ఎవరైనా చూడవచ్చు అన్న పద్ధతిలో పెట్టి, ఉపాధ్యాయుల గ్రూపులో మాత్రమే వేశారు. ఎవరో మంచి ఉద్దేశంతోనే తల్లిదండ్రుల గ్రూపుకు పంపారు, అక్కడి నుంచి ఊరి గ్రూపుకు వెళ్లింది. వారం తిరగకముందే ఏడో తరగతి అమ్మాయి ఒకతె బడికి రావడం మానేసింది. ఆమె పళ్ల గురించి అందులో రాసిన వాక్యాన్ని తోటి పిల్లలు ఆమెకు చదివి వినిపించారు. నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ పిల్ల చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకునే మాట్లాడింది. మా ప్రాంతంలో గారపట్టిన పళ్లంటే పెళ్లి సంబంధాల దాకా వచ్చే విషయం. లింకుకు తాళం ఉండదు, అది ఎవరి చేతిలో ఉంటే వారిదే. ఈ షీట్లలోని రెండో పేజీని దయచేసి లింకుపై వదలకండి.

---

మిర్యాలగూడ_లెక్కలు · సోమవారం, ఉదయం 9:05

పంతులు గారూ, రెండో పేజీ సంగతి నేను సరిగా చదవకుండానే రాశాను. మన్నించండి, నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. ఒక సందేహం మాత్రం ఉంది. మొదటి పేజీలోని బోరు లెక్కలు ఊరందరికీ తెలియాల్సినవే కదా? ఏ బోరు నీళ్లు తాగకూడదో ఆ వీధివాళ్లకు తెలియకపోతే ఈ కొలతలన్నీ ఎవరి కోసం? మొదటి పేజీని మాత్రం అందరికీ తెరిచి, రెండో పేజీని దాచిపెట్టే వీలుందా?

---

పాలమూరు_టెర్మినల్ · సోమవారం, ఉదయం 11:20

మంచి ప్రశ్న వేశారు. పేజీలవారీగా అనుమతి ఇచ్చే వీలు లేదు, డ్రైవ్ అనుమతి ఫైల్ మొత్తానికే వర్తిస్తుంది. పేజీని దాచిపెట్టవచ్చు, కానీ చూసే అనుమతి ఉన్నవారు తమకో నకలు తీసుకుని అందులో ఆ పేజీని మళ్లీ బయటకు తెచ్చుకోగలరు. పేజీకి రక్షణ పెట్టడం కూడా మార్చకుండా ఆపుతుందే తప్ప చూడకుండా ఆపదు.

కాబట్టి మర్రిగూడ గారూ, అనుమతుల కంటే ముందు ఫైళ్లనే విడదీయండి. బోరు లెక్కలు ఒక ఫైల్, ఇళ్ల వివరాలు ఇంకొక ఫైల్. మొదటిదానికి మిర్యాలగూడ గారు చెప్పిన లింకు పద్ధతే సరైనది: రకం ఎనీవన్, పాత్ర రీడర్. రెండోదానికి పేరు పేరునా యూజర్ రకం. ఒక జాగ్రత్త తీసుకోండి. బోరు ఫైళ్లు, ఇళ్ల ఫైళ్లు ఒకే ఫోల్డర్‌లో ఉంటే, ఎవరైనా తొందరలో ఆ ఫోల్డర్‌నే లింకుపై తెరిచిన రోజున రెండూ తెరుచుకుంటాయి. వేర్వేరు ఫోల్డర్లలో పెట్టండి.

---

మర్రిగూడ_నీళ్లు · మంగళవారం, రాత్రి 10:40

పంతులు గారి మాట చదివాక నిన్న రాత్రే ఫైళ్లు విడదీశాను. ఇవాళ స్క్రిప్ట్ రాసి ఒక్క ఊరితో ప్రయత్నించాను. గూగుల్ క్లౌడ్ కన్సోల్‌లో డ్రైవ్ ఏపీఐని (స్క్రిప్ట్ డ్రైవ్‌తో మాట్లాడే దారిని) ఆన్ చేశాను, డెస్క్‌టాప్ యాప్ రకం గుర్తింపు పత్రం దింపుకున్నాను, మొదటిసారి నడిపినప్పుడు బ్రౌజర్ తెరుచుకుని అనుమతి అడిగింది, ఇచ్చాను. అయినా 404, ఫైల్ దొరకలేదు అంటోంది. అదే గుర్తింపుతో బ్రౌజర్‌లో తెరిస్తే షీట్ కళ్ల ముందే ఉంది. గుర్తింపును అక్షరం అక్షరం పోల్చి చూశాను, తేడా లేదు.

---

పాలమూరు_టెర్మినల్ · మంగళవారం, రాత్రి 11:15

స్కోప్ (స్క్రిప్ట్ ఎంతవరకు అధికారం అడుగుతుందన్నది) దగ్గర ఏమి రాశారు? డ్రైవ్ డాట్ ఫైల్ అని రాసి ఉంటారని నా అనుమానం.

---

మర్రిగూడ_నీళ్లు · మంగళవారం, రాత్రి 11:22

అవును. తక్కువ అధికారం అడిగేది అదే కదా అని దాన్నే ఎంచుకున్నాను.

---

పాలమూరు_టెర్మినల్ · మంగళవారం, రాత్రి 11:48

మీ ఆలోచన మంచిదే, కానీ ఆ స్కోప్ మీ స్క్రిప్ట్ తానే సృష్టించిన ఫైళ్లనూ, లేదా దాని ద్వారా తెరిచిన ఫైళ్లనూ మాత్రమే చూపిస్తుంది. మీరు బ్రౌజర్‌లో చేసిన షీట్లు దాని కంటికి కనబడవు. కనబడని ఫైల్‌కు డ్రైవ్ వద్దు అనదు, లేదు అంటుంది. పూర్తి డ్రైవ్ స్కోప్ పెట్టండి. ఆ తర్వాత టోకెన్ డాట్ జేసన్ అనే ఫైల్‌ను చెరిపేసి మళ్లీ నడపండి, లేకపోతే పాత అనుమతితోనే పోతుంది. పూర్తి స్కోప్‌తో వచ్చే ఆ టోకెన్ ఫైల్ మీ డ్రైవ్ మొత్తానికి తాళంచెవి లాంటిది. దాన్ని స్క్రిప్ట్‌తో పాటు ఎవరికీ పంపకండి.

యాప్ టెస్టింగ్ దశలో ఉన్నంతకాలం ఆ అనుమతికి 7 రోజుల గడువు ఉంటుంది. వచ్చే మంగళవారం స్క్రిప్ట్ ఉన్నట్టుండి పనిచేయకపోతే కంగారు పడకుండా మళ్లీ లాగిన్ అవ్వండి.

---

మర్రిగూడ_నీళ్లు · బుధవారం, రాత్రి 9:30

404 పోయింది. మర్రిగూడ మండలం జాబితా నడిపాను. అన్ని ఊర్లకూ అనుమతి వెళ్లింది, కానీ మొట్టమొదటి ఊరికి మాత్రం ఫైల్ గుర్తింపు దగ్గర పొరపాటు చూపిస్తోంది. జాబితాలో మొదటి ఊరిని రెండో వరుసలోకి దింపి, రెండో ఊరిని పైకి తెచ్చాను. ఇప్పుడు రెండో ఊరికి అదే జబ్బు వచ్చింది. అంటే తప్పు ఊరిలో లేదు, మొదటి వరుసలోనే ఉంది. జాబితాను ఆఫీసు కంప్యూటర్‌లో ఎక్సెల్ నుంచి సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలుండే మామూలు టెక్స్ట్ ఫైల్‌గా) దాచాను. ఏముంది అందులో?

---

నాగర్‌కర్నూల్_విద్యార్థి · బుధవారం, రాత్రి 9:52

అన్నా, ఎక్సెల్ యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా రాసే ఒక పద్ధతి, అంటే ఎన్‌కోడింగ్) సీఎస్‌వీగా దాచినప్పుడు ఫైల్ మొదట్లో కంటికి కనబడని మూడు బైట్ల గుర్తు ఒకటి పెడుతుంది. అది మీ మొదటి గుర్తింపు ముందు అతుక్కుని ఉంది. పైథాన్‌లో ఫైల్ తెరిచేచోట ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8-సిగ్ అని రాస్తే దాన్ని అదే తీసేస్తుంది. చదివిన ప్రతి గడికీ స్ట్రిప్ (అంచుల్లోని ఖాళీలు తీసేసే ఆదేశం) కూడా పెట్టండి. వాట్సాప్ నుంచి నకలు చేసిన చిరునామాల చివర తరచుగా ఒక ఖాళీ ఉంటుంది. మా కాలేజీ ప్రాజెక్టులో ఆ ఖాళీని వెతకడానికే నాకు ఒక పూట పట్టింది.

---

గద్వాల_అడ్మిన్ · గురువారం, ఉదయం 10:10

ఆలస్యంగా చేరాను. సంస్థాగత ఖాతాల్లో వందల ఫైళ్లకు ఈ పని చేసిన అనుభవంతో మూడు విషయాలు చెబుతాను.

అనుమతి ఇచ్చిన ప్రతిసారీ డ్రైవ్ అవతలివారికి మెయిల్ పంపుతుంది, మనం వద్దంటే తప్ప. సెండ్ నోటిఫికేషన్ ఈమెయిల్ అనేదాన్ని ఫాల్స్ (వద్దు) చేయవచ్చు. అయితే చిరునామా గూగుల్ ఖాతా కాకపోతే మెయిల్ పంపకుండా అనుమతి ఇవ్వనివ్వదు, పొరపాటు చూపిస్తుంది. ఆ కొద్దిమందికి మాత్రం ట్రూ (అవును) పెట్టండి. మీ కార్యకర్తల విషయంలో నా సలహా వేరు: మెయిల్‌ను ఆపకండి. మీకు జరిగిన పొరపాటు బయటపడింది అవతలి మనిషికి మెయిల్ వెళ్లబట్టే కదా.

తొందరపడి స్క్రిప్ట్‌ను అనేక ప్రాసెస్‌లుగా ఒకేసారి నడపకండి. ఒకే ఫైల్‌పై రెండు అనుమతి మార్పులు ఒకే సమయంలో వెళితే చివరిది మాత్రమే నిలుస్తుంది. ఒకదాని తర్వాత ఒకటిగా, మధ్యలో ఒక క్షణం ఆగుతూ వెళ్లండి. షేరింగ్ పరిమితి దాటిందని 403 అనే పొరపాటు వస్తే వెంటనే మళ్లీ కొట్టకుండా, ఆగే సమయాన్ని ప్రతిసారీ రెట్టింపు చేస్తూ ప్రయత్నించండి.

మూడోది అన్నింటికంటే ముఖ్యమైనది. రైటర్ అనుమతి ఉన్నవారు ఆ ఫైల్‌ను ఇంకొకరికి పంచగలరు, మామూలుగా అది తెరిచే ఉంటుంది. ఇళ్ల వివరాల ఫైళ్లలో రైటర్స్ కెన్ షేర్ అనే లక్షణాన్ని ఫాల్స్ చేయండి. ఇది అనుమతిలో ఉండదు, ఫైల్‌లో ఉంటుంది, కాబట్టి ఫైల్‌ను అప్‌డేట్ చేసే ఆదేశంతో మార్చాలి. ఇది చేయకపోతే మీ జాబితా ఎంత జాగ్రత్తగా రాసినా ఆ షీట్ దగ్గర ఎవరెవరు ఉన్నారో మీ జాబితా చెప్పలేదు.

---

మర్రిగూడ_నీళ్లు · గురువారం, రాత్రి 10:05

గద్వాల గారూ, ఈ మూడో విషయం నాకు ఊహకు కూడా రాలేదు. ఇప్పుడే 63 ఫైళ్లకూ మార్చాను. మెయిల్ ఆపే ఆలోచన ఉండేది, మానుకున్నాను.

ఇప్పుడు వెనక్కి తీసుకునే పని ఉంది. చండూరు వైపు ఒక కార్యకర్త పెళ్లయి వేరే జిల్లాకు వెళ్లారు, ఆమెకు మూడు షీట్లపై రైటర్ ఉంది. తొలగించే ఆదేశానికి ఈమెయిల్ ఇస్తే ఒప్పుకోవడం లేదు, అనుమతి గుర్తింపు కావాలంటోంది. అనుమతుల జాబితా అడిగితే అంకెలు, రకం, పాత్ర తప్ప ఎవరి పేరూ రావడం లేదు. ఆ అంకెల్లో ఆమె ఎవరో, నేను ఎవరో తెలియడం లేదు.

---

పాలమూరు_టెర్మినల్ · గురువారం, రాత్రి 10:50

జాబితా అడిగేటప్పుడు ఫీల్డ్స్ అనే చోట ఐడీ, ఈమెయిల్ అడ్రస్, రోల్, టైప్ అన్నీ కావాలని స్పష్టంగా రాయండి. అడగనిదే ఈమెయిల్ ఇవ్వదు. ఇంకో సౌకర్యం ఉంది: ఒక మనిషి అనుమతి గుర్తింపు అన్ని ఫైళ్లలోనూ ఒకటే. ఆమె అంకెను ఒక షీట్‌లో పట్టుకుంటే మిగతా రెండింటిలోనూ అదే పనిచేస్తుంది. లింకుపై తెరిచిన ఫైల్‌ను మూసేయాలంటే తొలగించాల్సిన గుర్తింపు ఎనీవన్ విత్ లింక్ అన్న మాటే, అక్కడ అంకెలు ఉండవు. ఆమె స్థానంలో వచ్చినవారికి ముందు రైటర్ ఇచ్చి, వారు షీట్ తెరవగలిగారని తెలిశాకే ఈమెను తొలగించండి. మధ్యలో కొలతలు ఆగకూడదు కదా.

---

దేవరకొండ_పంతులు · శుక్రవారం, ఉదయం 8:15

సాంకేతిక విషయం కాదు గానీ ఒక విన్నపం. ఆమెను తొలగించేముందు ఒక ఫోన్ చేసి చెప్పండి. మూడేళ్లు ఎండలో బోరు బోరుకూ తిరిగి సీసాల్లో నీళ్లు పట్టిన మనిషికి ఒక పొద్దున షీట్ తెరవగానే మీకు అనుమతి లేదని కనబడితే మనసు కష్టపడుతుంది.

---

మర్రిగూడ_నీళ్లు · ఆదివారం, రాత్రి 8:45

పంతులు గారూ, ఫోన్ చేశాను. ఆమె తన కాపీ పుస్తకంలో రాసుకుని ఇంకా షీట్‌లో ఎక్కించని నాలుగు బోర్ల కొలతలు ఉన్నాయని చెప్పి, నిన్న సాయంత్రం కూర్చుని అవి ఎక్కించారు. అందులో బడి పక్కన ఉన్న బోరు ఒకటి, 2.8 ఉంది. చెప్పకుండా తొలగించి ఉంటే ఆ అంకె పుస్తకంలోనే ఉండిపోయేది. ఇవాళ పొద్దున ఆమె అనుమతి తీసేశాను.

మిగతా పని ఎక్కడిదాకా వచ్చిందో రాస్తాను, ఇలాంటి పని మీద వచ్చే మరొకరికి పనికొస్తుంది. సీఎస్‌వీలో నాలుగు గడులు: ఫైల్ గుర్తింపు, ఊరు, ఈమెయిల్, పాత్ర. స్క్రిప్ట్‌ను నేరుగా నడిపితే ఏమీ మార్చదు, ఏ ఊరి షీట్ ఎవరికి ఏ పాత్రలో వెళుతుందో తెరపై రాసి ఆగుతుంది. ఆ రాతను కాగితంపై తీసి, నేనూ మా బృందంలోని ఇంకొకరూ కలిసి ఒకరు చదువుతుంటే ఒకరు టిక్కు పెడతాము. చివర నిజంగా అని ఒక మాట చేర్చి నడిపితేనే అనుమతులు వెళతాయి. ఇలా చదివేటప్పుడే నాంపల్లి జాబితాలో ఒకే చిరునామా రెండు ఊర్లకు పడిందని మా సహచరుడు పట్టుకున్నాడు. పైనున్న గడిని కిందికి లాగినప్పుడు నా చేతిలో జరిగిన తప్పు అది.

ప్రతి ఆదివారం ఇంకొక స్క్రిప్ట్ 63 ఫైళ్ల అనుమతులను డ్రైవ్ నుంచి తెచ్చి జాబితాతో పోలుస్తుంది. ఇవాళ మొదటిసారి నడిపితే జాబితాలో లేని రెండు పేర్లు బయటపడ్డాయి. ఒకటి నేను ఏడాది కిందట చేత్తో ఇచ్చి మరిచిపోయినది. రెండోది రైటర్స్ కెన్ షేర్ మార్చకముందు ఒక కార్యకర్త తన తమ్ముడికి ఇచ్చినది, ఆ పిల్లవాడే ఇంట్లో కంప్యూటర్‌పై అంకెలు ఎక్కించి పెడుతున్నాడట. మొదటిది తీసేశాను. రెండోదాని గురించి ఆ కార్యకర్తతో మాట్లాడాను. ఆ పిల్లవాడికి బోరు లెక్కల ఫైల్‌లో రైటర్ ఇచ్చి జాబితాలో అతని పేరు రాశాము. ఇళ్ల వివరాల ఫైల్ నుంచి మాత్రం తొలగించాము, వాటిని ఇకమీదట ఆ కార్యకర్తే తన ఫోన్‌లో ఎక్కిస్తానన్నారు.

---

గద్వాల_అడ్మిన్ · ఆదివారం, రాత్రి 9:20

పోల్చే స్క్రిప్ట్ ఫలితాన్ని ప్రతివారం తేదీ పేరుతో విడి ఫైల్‌గా దాచండి. ఆరు నెలల తర్వాత ఫలానా రోజున ఈ షీట్ ఎవరెవరికి కనబడిందని ఎవరైనా అడిగితే సమాధానం మీ దగ్గర ఉంటుంది. ఆ ఫైళ్లను మాత్రం ఇదే డ్రైవ్ ఫోల్డర్‌లో పెట్టకండి, వాటిలో అందరి ఈమెయిళ్లూ ఉంటాయి.

---

మర్రిగూడ_నీళ్లు · ఆదివారం, రాత్రి 9:31

సరేనండీ. ఇవాళ్టి దాన్ని నా కంప్యూటర్‌లోనే విడి ఫోల్డర్‌లో దాచాను. మా బృందానికి స్క్రిప్ట్ పంపేముందు టోకెన్ ఫైల్ అందులో లేదని కూడా చూసుకున్నాను.